దూరం పెరిగితే గురి ఎందుకు తప్పుతుంది?

తిరునాళ్ళలో బెలూన్ల బోర్డు చూడని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. చెక్కకు వరసగా బెలూన్లు కట్టి, పాత ఎయిర్ గన్ ఒకటి చేతికిచ్చి, ఇన్ని రూపాయలకు ఇన్ని గుండ్లు అంటారు. పది అడుగుల దూరం నుంచి కొడితే అరచేతికన్నా పెద్ద బెలూన్ 'టప్' మంటుంది. నేనూ అలా వరసగా ఆరు పేల్చినదాన్నే. "నీకు మంచి గురి ఉందే అమ్మాయ్" అని మా మామ అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పును మోసుకుంటూనే పోయినేడాది ఎన్‌సీసీ క్యాంపుకు వెళ్ళాను.

మొదటి రోజు ఎయిర్ రైఫిల్‌తో పది మీటర్ల దూరంలో కాగితం మీద కొట్టించారు. అయిదు గుండ్లూ రూపాయి బిళ్ళంత చోటులో పడ్డాయి. నాకు నేనే భుజం తట్టుకున్నాను. రెండో రోజు అదే తుపాకీ, అవే గుండ్లు, దూరం మాత్రం ఇరవై అయిదు మీటర్లు, అదీ ఆరుబయట. అయిదింటిలో రెండు కాగితం మీదే లేవు! గాభరా పుట్టింది. ఒక్కో గుండుకూ ఒక్కోసారి సైటు మర తిప్పాను. కుడికి పోతే ఎడమకు, కిందకు పోతే పైకి. ఎంత తిప్పితే అంత చెడింది. జట్టులో నా పేరు రాలేదు.

ఆ రాత్రి మా సీనియర్ అక్క ఒకామె నా పక్కన కూర్చుని ఒక్క మాట చెప్పింది: "దూరం నీకు కొత్త తప్పేమీ నేర్పలేదే. ఉన్న తప్పునే పెద్దది చేసి చూపించింది, అంతే." ఏడాదిగా సాధన చేస్తూ, దొరికింది చదువుతూ, తెలిసినవాళ్ళను అడుగుతూ ఆ మాటకు అర్థం వెతుక్కున్నాను. ఈ ఏడు సెలక్షన్లకు వెళ్ళబోతున్న చెల్లెళ్ళు కొందరు అడిగారు కాబట్టి, నాకు తెలిసింది ఈ గోడ పత్రికలో రాస్తున్నాను. తుపాకీ ముట్టని వాళ్ళు కూడా చదవండి. గురి అన్నమాట తుపాకీతో అయిపోయేది కాదు కదా!

ఎంత చిన్న చుక్క!

ముందు కొలతలు చూద్దాం. ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ పోటీ దూరం పది మీటర్లు. గుండు, అంటే పెల్లెట్, 4.5 మిల్లీమీటర్ల లావు. లక్ష్యం మొత్తం 45.5 మిల్లీమీటర్ల వెడల్పు, చిన్న బిస్కెట్టంత. అందులో పది మార్కుల చోటు అర మిల్లీమీటరు చుక్క. పెన్ను మొనతో పెట్టినంత! గుండు అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది వస్తుంది. ఆ పదిని మళ్ళీ 10.0 నుంచి 10.9 దాకా పది భాగాలు చేస్తారు. ఒక్కో దశాంశానికీ తేడా పావు మిల్లీమీటరు.

కడలూరులో పుట్టి, అహమదాబాదులో పెరిగిన ఇళవేనిల్ వాళరివన్ పేరు మీరు వినే ఉంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల పోటీ అర్హత పోరులో ఆమె అరవై గుండ్లకు 630.7 సాధించింది. సగటున గుండుకు 10.5. అంటే గుండు నడిబొడ్డు లక్ష్యం నడిబొడ్డుకు ఒకటింబావు మిల్లీమీటరు లోపల ఉండడం! అంత చేసినా ఆమెది పదో స్థానమే. ఫైనల్‌కు వెళ్ళేది ఎనిమిది మంది. తప్పు ఎంత చిన్నదైనా ఆ ఆటలో లెక్కకు వస్తుందని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇంకో సంగతి. 2017 దాకా ఈ పోటీలో మగవాళ్ళకు అరవై గుండ్లు, ఆడవాళ్ళకు నలభై. 2018 నుంచి ఇద్దరికీ అరవయ్యే. అదే తుపాకీ, అదే దూరం, అదే చుక్క, ఇప్పుడు అదే లెక్క.

దూరం చేసే మూడు పనులు

మొదటిది, కోణాన్ని పెంచడం. వెనక సైటుకూ ముందు సైటుకూ మధ్య అర మీటరు ఉందనుకుందాం. ముందు సైటు పక్కకు 0.1 మిల్లీమీటరు, అంటే మన నోట్‌బుక్ కాగితం మందమంత, జరిగింది. పది మీటర్ల దగ్గర గుండు రెండు మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. ఇరవై అయిదు దగ్గర అయిదు. యాభై దగ్గర పది మిల్లీమీటర్లు, అంటే ఒక సెంటీమీటరు. పది మీటర్లలో నా గుండ్లు రూపాయి బిళ్ళంత చోటులో పడ్డాయంటే, ఇరవై అయిదు మీటర్లలో అవి అరచేతంత చోటులో పడడం న్యాయమే. నేను చెడిపోలేదు, నా తప్పును రెండున్నర రెట్లు చేసి చూపించారు!

రెండోది, గుండును కిందికి దించడం. తుపాకీ వదిలిన క్షణం నుంచే భూమి గుండును లాగుతూ ఉంటుంది. పోటీ రైఫిల్ గుండు వేగం సెకనుకు సుమారు 175 మీటర్లు. గాలి అడ్డు లేదనుకుని లెక్క వేసినా, పది మీటర్లు పోయేలోపు ఒకటిన్నర సెంటీమీటరుకు పైగా దిగుతుంది. ఇరవై అయిదు మీటర్లకు పది సెంటీమీటర్లు. యాభై మీటర్లకు నలభై సెంటీమీటర్లు, అంటే మోచేయి నుంచి వేళ్ళ దాకా ఉండే కొలతకు దగ్గర. దూరం అయిదు రెట్లయితే దిగుడు ఇరవై అయిదు రెట్లు! నిజానికి గాలి అడ్డు వల్ల గుండు నెమ్మదించి ఇంకా ఎక్కువ దిగుతుంది. అందుకే పది మీటర్లకు సరిచేసిన సైటుతో ఇరవై అయిదు కొట్టబోతే గుండు కిందికి పోవడం ఖాయం. అది మన తప్పు కాదు, సైటు మార్చుకోకపోవడం మన తప్పు.

దీనితోనే ముడిపడిన తప్పు ఇంకొకటి ఉంది, తుపాకీ ఓ పక్కకు వాలడం. గుండు దిగుతుందని ముందే తెలుసు కాబట్టి సైటు అమర్చినప్పుడు గొట్టాన్ని కొంచెం పైకి ఎత్తి ఉంచుతాం. తుపాకీ వాలితే ఆ ఎత్తుబడి పక్కకు తిరిగిపోతుంది. అయిదు డిగ్రీలు వాలిందనుకోండి. పది మీటర్ల దగ్గర తేడా ఒకటిన్నర మిల్లీమీటరు, కంటికే ఆనదు. యాభై మీటర్ల దగ్గర మూడున్నర సెంటీమీటర్లు! దగ్గరలో దాక్కున్న తప్పు దూరంలో బయటపడడం అంటే ఇదే.

మూడోది, గాలికి అవకాశం ఇవ్వడం. పెల్లెట్ బరువు అర గ్రాము. బియ్యపు గింజలు ఓ పాతిక చేతిలో పోసుకుంటే ఉండేంత. దాన్ని పక్కగాలి తోయడానికి ఎంతసేపు? హాల్లో పది మీటర్లకు ఆ బాధ లేదు. మన ధర్మపురిలో ఆడి మాసం గాలి సంగతి నేను చెప్పాలా? ఆరేసిన చీరలు పక్కింటి మిద్దె మీద వెతుక్కునే రోజులవి! ఆ రోజుల్లో ఆరుబయట ఇరవై అయిదు మీటర్లు కొట్టి, పడలేదని తుపాకీని తిట్టకూడదు.

గుంపు వేరు, చోటు వేరు

నేను క్యాంపులో చేసిన పెద్ద తప్పు ఇక్కడ ఉంది. గుండ్లు పడిన తీరును రెండు ప్రశ్నలుగా విడదీసి చూడాలి. ఒకటి: గుండ్లన్నీ దగ్గరదగ్గరగా పడ్డాయా? రెండు: ఆ గుంపు మనం అనుకున్న చోట పడిందా?

గుంపు చిన్నదై, చోటు మాత్రం పక్కకు ఉంటే మనిషి బాగానే కొడుతోంది, సైటు సరిగ్గా లేదు. మర తిప్పితే సరిపోతుంది. గుంపే చెదిరిపోతే సైటును ఎంత తిప్పినా లాభం లేదు. తప్పు మనలోనో, గుండ్లలోనో, తుపాకీ బిగింపులోనో ఉంది. కుండ పగిలిందో, మూత వంకరగా ఉందో తెలుసుకోకుండా మూత మారుస్తూ కూర్చుంటే నీళ్ళు నిలుస్తాయా?

అందుకని పద్ధతి ఇది. ఒకే చోట గురిపెట్టి అయిదు గుండ్లు కొట్టండి. మధ్యలో మర ముట్టకండి. గుంపు నడిబొడ్డు ఎక్కడుందో చూడండి. అది లక్ష్యానికి ఎంత దూరం, ఏ వైపు ఉందో కొలవండి. అప్పుడు ఒక్కసారి మర తిప్పండి. గుండు ఏ వైపు జరగాలో వెనక సైటును ఆ వైపే జరపాలి. మళ్ళీ అయిదు. నేను ఒక్కో గుండుకు తిప్పినప్పుడు ఏం జరిగిందంటే, నా చేతి వణుకును నేను సైటుకు ఎక్కించాను. తర్వాత సరిగ్గా కొట్టిన గుండు కూడా తప్పు చోటే పడింది.

చెయ్యి వణుకును పక్కనపెట్టి తుపాకీని పరీక్షించాలంటే ఇసక మూట మీద ఆనించి కొట్టండి. మూట మీద గుంపు చిన్నదిగా వచ్చి, నిలబడి కొడితే పెద్దదైతే తుపాకీది తప్పు కాదని తేలిపోతుంది. అప్పుడిక మనల్ని మనం దిద్దుకోవడమే.

ఒళ్ళు నిలవాలి, బిగుసుకోకూడదు

పోటీ రైఫిల్ అయిదున్నర కిలోలు మించకూడదని నియమం. దాదాపు అంత బరువును అరవై సార్లు ఎత్తి దించాలి. కండతో మోస్తే కండ అలిసి వణుకుతుంది. ఎముక మీద ఆనిస్తే అలవదు. అందుకే నిలబడి కొట్టేవాళ్ళు ఎడమ మోచేతిని తుంటి ఎముక మీదికి తెచ్చి ఆనిస్తారు. నడుము కొంచెం వెనక్కు వంగుతుంది. నీళ్ళ బిందె నడుమున పెట్టుకున్న అవ్వలను చూడండి. బిందె బరువు చేతి మీద ఉందా, తుంటి మీద ఉందా? అదే కిటుకు!

మా శిక్షకుడు చెప్పించే పరీక్ష ఒకటి ఉంది. తుపాకీ ఎత్తి గురి పెట్టండి. కళ్ళు మూసుకోండి. రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలి కళ్ళు తెరవండి. సైటు ఎక్కడ చూస్తోంది? లక్ష్యానికి కుడి పక్కన చూస్తోందంటే మీ ఒళ్ళు సహజంగా అటే తిరుగుతోందన్నమాట. అప్పుడు చేత్తో తుపాకీని ఎడమకు లాగకండి. పాదాలు జరపండి. చేత్తో లాగి పెట్టిన గురి మీట నొక్కే క్షణంలో మళ్ళీ తన చోటికి పారిపోతుంది. కళ్ళు తెరిచినప్పుడు సైటు తనంతట తానే లక్ష్యం మీద ఉండేదాకా పాదాలు సర్దుకోవాలి. పది మీటర్లలో దీన్ని పట్టించుకోకపోయినా గడిచిపోతుంది. దూరంలో గడవదు.

తుపాకీ మడమను ప్రతిసారీ భుజంలో ఒకే చోట పెట్టాలి. చెంపను ఒకే చోట ఆనించాలి. చెంప కొంచెం పైకో కిందికో పోతే కన్ను సైటును వేరే కోణంలో చూస్తుంది. 'ప్రతిసారీ ఒకేలా' అన్న మాటను ఈ వ్యాసంలో చాలాసార్లు చూస్తారు. విసుక్కోకండి, ఈ విద్యంతా ఆ మాటే.

ఊపిరి

ఊపిరి పీలిస్తే గొట్టం మొన కదులుతుంది. ఒక మామూలు శ్వాస పీల్చి, సగం వదిలి, హాయిగా ఉన్న చోట ఆపండి. బలవంతంగా బిగబట్టకూడదు. అలా ఆపిన తర్వాత అయిదు నుంచి ఎనిమిది సెకన్లలోపు గుండు వదలాలి. అంతకు మించితే చూపు మసకబారుతుంది, గుండె చప్పుడు చేతిలో తెలుస్తుంది. అప్పుడేం చెయ్యాలి? తుపాకీ దించేయాలి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇది చెప్పినంత సులువు కాదు. ఇంత కష్టపడి ఎత్తాం, ఎలాగో ఒకలా కొట్టేద్దామనిపిస్తుంది. నావి చెడిన గుండ్లలో చాలా భాగం ఆ 'ఎలాగో ఒకలా' గుండ్లే. దించడం ఓటమి కాదు. దించగలగడమే నేర్చుకున్నామనడానికి గుర్తు.

కన్ను చూడాల్సింది దేన్ని?

ద్రోణుడు చెట్టు మీద పిట్టబొమ్మను పెట్టి శిష్యులను పరీక్షించిన కథ మనకు ఆదిపర్వంలో ఉంది. అర్జునుడికి పిట్ట తల తప్ప మరేమీ కనబడలేదు. ఏకాగ్రతకు ఆ కథను మించింది లేదు. కానీ తుపాకీ దగ్గరికి వచ్చేసరికి చిన్న తిరకాసు ఉంది. మన కన్ను ఒకసారికి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. వెనక సైటు, ముందు సైటు, లక్ష్యం, ఈ మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడవు. అప్పుడు దేన్ని స్పష్టంగా ఉంచుకోవాలి?

లక్ష్యాన్ని అనిపిస్తుంది కదా? కాదు, ముందు సైటును. లక్ష్యం కొంచెం మసకగా కనబడినా పెద్ద నష్టం లేదు, నల్లటి గుండ్రం నల్లగానే ఉంటుంది. ముందు సైటు మసకబారితే కాగితం మందమంత తేడా మనకు తెలియదు. ఆ కాగితం మందం దూరంలో ఎంత అవుతుందో పైన లెక్క వేశాం. చెల్లెళ్ళారా, ఇది ఒక్కటి పట్టుకుంటే చాలు, మీ గుంపు ఆ రోజే తగ్గుతుంది. నాకు తగ్గింది.

ఒక కన్ను గట్టిగా మూస్తే రెండో కన్నుకు కూడా అలసట వస్తుంది. రెండూ తెరిచి, గురి పెట్టని కన్ను ముందు చిన్న అట్టముక్క అడ్డం పెట్టుకోవడం మేలు.

మీట నొక్కిన తర్వాత కూడా

ట్రిగ్గర్‌ను లాగకూడదు, నొక్కాలి. వేలి మొదటి కణుపు మెత్తటి భాగంతో, నేరుగా వెనక్కు, మెల్లగా పెంచుకుంటూ. ఎప్పుడు పేలుతుందో మనకే ముందుగా తెలియనంత మెల్లగా. 'ఇప్పుడు!' అనుకుని గుంజితే చెయ్యంతా కదులుతుంది.

మీట నొక్కిన వెంటనే తల ఎత్తి "పడిందా?" అని చూడడం మనందరికీ ఉన్న అలవాటు. నొక్కిన తర్వాత కూడా గుండు కొన్ని వేలవంతుల సెకను పాటు గొట్టంలోనే ఉంటుంది. ఆ లోపల కదిలితే గుండు మన కదలికను తనతో తీసుకుపోతుంది. ఎయిర్ రైఫిల్ గుండు మందుగుండు తుపాకీ గుండుకన్నా నెమ్మది కాబట్టి ఇందులో ఈ తప్పుకు శిక్ష ఎక్కువ. నొక్కాక మనసులో 'ఒకటి, రెండు' అనుకునేదాకా సైటునే చూస్తూ ఉండాలి. గుండు వదిలిన క్షణంలో సైటు ఎక్కడుందో చెప్పగలిగితే, కాగితం చూడకముందే గుండు ఎక్కడ పడిందో మీకే తెలుస్తుంది.

తుపాకీ, గుండ్లు

మన తగడూరు అధియమాన్ కథ ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. ఔవయ్యార్ అతని దూతగా తొండైమాన్ దగ్గరికి వెళ్ళినప్పుడు, అతను తన ఆయుధశాల చూపించాడట. నెయ్యి రాసి, అలంకరించి, మెరుస్తున్న ఆయుధాలు. మా రాజు ఆయుధాలు మొనలు విరిగి కమ్మరి కొట్టంలో పడి ఉన్నాయి అని ఆమె చమత్కరించింది. వాడినవి ఎవరివో, దాచుకున్నవి ఎవరివో వేరే చెప్పాలా? ఖరీదైన తుపాకీ లేదని బెంగపడే వాళ్ళు ఔవయ్యార్‌ను తలుచుకోండి. ఉన్నదాన్ని తెలుసుకుని వాడడం ముఖ్యం.

మనకు మామూలుగా దొరికేది స్ప్రింగు తుపాకీ. గొట్టం మడిచి స్ప్రింగు బిగించేది. అది పేలినప్పుడు లోపలి స్ప్రింగు ముందుకూ వెనక్కూ కుదుపుతుంది. గుండు బయటికి పోకముందే ఆ కుదుపు మొదలవుతుంది. దాన్ని ఉడుము పట్టు పడితే, పట్టు కొంచెం మారినప్పుడల్లా గుండు పడే చోటు మారుతుంది. కాబట్టి అరచేతిలో వదులుగా కూర్చోబెట్టి, దాని కుదుపు దాన్ని కుదపనివ్వాలి. ఒకే చోట పట్టుకోవాలి. పోటీల్లో వాడే రైఫిళ్ళలో ముందే గట్టిగా కుదించిన గాలి ఉంటుంది కనుక ఈ కుదుపు దాదాపు ఉండదు.

స్ప్రింగు కుదుపుకు మరలు వదులవుతాయి. గుంపు ఉన్నట్టుండి చెదిరితే ముందు స్క్రూలన్నీ బిగించి చూడండి. సగం రోగాలు అక్కడే నయమవుతాయి.

గుండ్లలో కూడా తేడా ఉంది. చదునుతల గుండు కాగితంలో గుండ్రటి కన్నం చక్కగా పెడుతుంది, అందుకే పది మీటర్ల పోటీకి అదే వాడతారు. దూరానికి అది పనికిరాదు. గాలిని మొహాన కొట్టుకుంటూ పోయి త్వరగా నెమ్మదిస్తుంది. ఇరవై అయిదు దాటితే గుండ్రటి తల గుండు మేలు. డబ్బాలోంచి తీసినప్పుడు అడుగు అంచు నొక్కుకుపోయిన వాటిని పక్కన పెట్టండి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. ఏ గుండు మీ గొట్టానికి నప్పుతుందో కొట్టి చూస్తేనే తెలుస్తుంది. ఒకసారి నప్పింది దొరికాక మార్చకండి.

దూరం మెల్లగా పెంచాలి

పది నుంచి ఒక్కసారి యాభైకి దూకవద్దు. పది, పదిహేను, ఇరవై, ఇరవై అయిదు. ఒక్కో దూరంలో అయిదు గుండ్ల గుంపు కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. పది మీటర్లలో గుంపు రెండు సెంటీమీటర్లయితే ఇరవైలో నాలుగు రావాలి. నాలుగు వస్తే మీ దారి సరైనదే. ఏడెనిమిది వచ్చిందంటే గాలో, గుండో, తుపాకీ వాలడమో కలిసిందన్నమాట. అప్పుడు ఒక్కొక్కటే పట్టి చూడాలి. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

గాలిని చూడడానికి పుల్లకు ఉన్ని దారం కట్టి మనకూ లక్ష్యానికీ మధ్యలో రెండు చోట్ల గుచ్చండి. దారం ఒకేలా ఉన్నప్పుడే కొట్టండి. గాలి ఆగడం కోసం ఎదురుచూడనక్కర్లేదు, గాలి ప్రతిసారీ ఒకేలా ఉంటే చాలు. తెల్లవారుజామున గాలి నెమ్మదిగా ఉంటుంది.

ఇంట్లో గుండు లేకుండా కూడా సాధన చెయ్యవచ్చు. గోడ మీద చుక్క పెట్టి, నిలబడి, ఎత్తి, ఊపిరి ఆపి, దించడం. స్ప్రింగు తుపాకీని గుండు లేకుండా పేల్చకూడదు, లోపల దెబ్బతింటుంది. ఎత్తి దించితే చాలు. రోజుకు పదిహేను నిమిషాలు, ఖర్చు లేదు.

సాధన ఏం చేస్తుందో చెప్పడానికి గగన్ నారంగ్ లెక్క చూడండి. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన మనిషి. 2008 బీజింగ్‌లో అర్హత పోరులో 600కు 595 కొట్టి కూడా త్రుటిలో ఫైనల్ పోగొట్టుకున్నాడు. అదే పోటీలో అభినవ్ బింద్రా ఆఖరి గుండుకు 10.8 కొట్టి బంగారు పతకం తెచ్చాడు. నారంగ్ ఆగిపోలేదు. నాలుగేళ్ళ తర్వాత లండన్‌లో అర్హత పోరులో 598 కొట్టి, 701.1 మొత్తంతో కాంస్యం గెలిచాడు. 595కూ 598కీ మధ్య మూడే మార్కులు. అరవై గుండ్లలో మూడు మార్కులకు నాలుగేళ్ళు!

హైదరాబాదుకే చెందిన ధనుష్ శ్రీకాంత్‌కు వినికిడి లేదు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బంగారు పతకం గెలిచాడు. ఒంట్లో ఏది లేదన్నది కాదు, ఉన్నదాన్ని ప్రతిసారీ ఒకేలా నిలపగలిగామా అన్నదే ఈ ఆట అడుగుతుంది.

జాగ్రత్తలు

మన దేశంలో 0.177 అంగుళాల గొట్టం దాటకుండా, 20 జౌళ్ళ శక్తి మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిల్ శక్తి ఏడున్నర జౌళ్ళ దాకా ఉంటుంది. లైసెన్సు అక్కర్లేదంటే ఆటబొమ్మ అని కాదు. కంటికి తగిలితే చూపు పోతుంది. గొట్టాన్ని మనిషి వైపు ఎప్పుడూ తిప్పకూడదు, ఖాళీగా ఉందని తెలిసినా సరే. కొట్టబోయే ముందు దాకా వేలు మీట బయటే ఉండాలి. లక్ష్యం వెనక గుండును ఆపే మట్టిగోడో ఇసక మూటలో ఉండాలి, రాయీ ఇనుమూ ఉంటే గుండు తిరిగి వస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. గుండ్లు సీసంతో చేసినవి కాబట్టి సాధన అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినకండి. పిట్టల మీద, ఉడతల మీద గురి చూడడం విద్య కాదు, వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం కూడా. అర్జునుడు కొట్టింది కూడా బొమ్మపిట్టనే!

చివరిగా

"ఆడపిల్లకు తుపాకీ ఎందుకు?" అని మా ఇంట్లో అడిగారు. మీ ఇంట్లోనూ అడుగుతారు. దానికి నా దగ్గర ఒక కథ ఉంది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రైఫిల్ పోటీకి ఆడా మగా తేడా లేదు, అందరూ ఒకే వరసలో కొట్టాలి. అమెరికా నుంచి వచ్చిన మార్గరెట్ మర్డాక్, లానీ బాషమ్ ఇద్దరికీ 1162 చొప్పున సమానంగా వచ్చాయి. నియమం ప్రకారం ఆఖరి వరసల గుండ్లు చూసి బాషమ్‌కు బంగారం, మర్డాక్‌కు వెండి ఇచ్చారు. జాతీయగీతం మోగుతున్నప్పుడు బాషమ్ ఆమెను చెయ్యి పట్టుకుని తన మెట్టు మీదికి లాగి పక్కన నిలబెట్టుకున్నాడు. గుండుకు కొట్టింది ఎవరో తెలియదు కదా! అది నిలకడను మాత్రమే గుర్తుపడుతుంది.

తెలుగులో 'గురి' అంటే లక్ష్యం, నమ్మకం కూడా. గురి కుదిరితే గుణం కుదురుతుందని సామెత. నాకు అర్థమైనంతలో ఈ రెండు గురులూ ఒకటే. ఒకేలా నిలబడడం, ఒకేలా ఊపిరి తీయడం, ఒకేలా నొక్కడం రోజూ చేస్తూ పోతే మన చేతి మీద మనకు గురి కుదురుతుంది. అది కుదిరాక దూరం మనల్ని భయపెట్టదు. దాచుకున్న తప్పును చూపించే అద్దమవుతుంది.

ఈ నెలలో నా ఇరవై అయిదు మీటర్ల గుంపు నాలుగు సెంటీమీటర్లకు వచ్చింది. పోయినేడు కాగితమే దొరకలేదు! వచ్చే సెలక్షన్లలో నా పేరు వస్తుందో రాదో తెలియదు. రాకపోతే మాత్రం సైటు మర మీదికి నెపం నెట్టను. శనివారం సాయంత్రం మైదానం వెనక చింతచెట్టు దగ్గర సాధన ఉంటుంది. శిక్షకుడు ఉన్నప్పుడే కొడతాం. చూడాలనుకునే చెల్లెళ్ళు రండి. నోట్‌బుక్ ఒకటి, ఉన్ని దారం కొంచెం తెచ్చుకోండి.

— తృతీయ సంవత్సరం విద్యార్థిని, ఎన్‌సీసీ క్యాడెట్